తిట్టేవాళ్ళ క్లబ్బు

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా
12 సెప్టెంబరు 1982

జోసఫ్‌కి,

ప్రభువు పేరిట వందనాలు. మర్యాద ఇక్కడితో సరి.

నువ్వు శనివారాలు ఎటు మాయమవుతున్నావో మీ అక్క విమల ఫోన్లో మీ ఆవిడ కరుణ దగ్గర కూపీ లాగింది. గ్రీకువాళ్ళ వాలీబాల్ క్లబ్బట! ముప్పయ్యారేళ్ళు మీద పడ్డాయి. హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం, నర్సు ఉద్యోగం చేసే భార్య. అయినా నెత్తిన రైలు పరిగెత్తే వీధిలో రెండు గదుల అద్దె ఇల్లు, కారు లేదు. అదేమిటని అడిగితే నిక్కరు వేసుకుని గ్రీకువాళ్ళ మధ్య గంతులేస్తున్నావు. ఆ క్లబ్బులో రొట్టెలు కాల్చేవాళ్ళు, జుట్టు కత్తిరించేవాళ్ళు తప్ప చదువుకున్నవాడు ఒక్కడైనా ఉన్నాడా?

బాపట్ల మిషన్ కాంపౌండులో నువ్వు నెట్ దగ్గర బంతి లేపి ఇచ్చేవాడివి, నేను కొట్టేవాణ్ణి. ఆ కొట్టడం చూసే మీ అక్క నన్ను చేసుకుంది. వాలీబాల్ మన కుటుంబానికి చేయాల్సిన ఉపకారం అక్కడితో అయిపోయింది. నేను మళ్ళీ బంతి ముట్టలేదు. ముట్టాలని కూడా లేదు. ఇల్లు కొన్నాను, లాన్ వేశాను. వచ్చిపోయేవాళ్ళు చూసి మెచ్చుకుంటున్నారు.

నీకు బుద్ధి చెప్పమని మీ అక్క అంది. చెప్పాను. వినేవాడివైతే ఇంత దూరం వచ్చేదా వ్యవహారం?

మీ బావ
ప్రేమానందం


ఆస్టోరియా, న్యూయార్క్
3 అక్టోబరు 1982

బావా,

వందనాలు. నీ లాన్ క్షేమమని తలుస్తాను. ఆదివారం ప్రార్థన కాగానే గడ్డి కోసుకుని, ఆ గడ్డిని పక్కింటివాడికి చూపించుకునే బతుకు నీది. నాకు పాఠాలు చెబుతున్నావు! ఇక్కడి మనవాళ్ళూ నీలాంటివాళ్ళే. నలుగురు కలిస్తే గ్రీన్ కార్డు, బంగారం, ఎవరింట్లో సాంబారు పలచగా ఉందన్న మాట. రెండుసార్లు వెళ్ళాను, మూడోసారి తలనొప్పని చెప్పి తప్పించుకున్నాను.

మా క్లబ్బు పేరు నవార్కోస్. అంటే నావికాదళపతి అని అర్థమట. వరసగా ఐదేళ్ళు సిటీ లీగు గెలిచిన జట్టు. ప్రెసిడెంటు స్టమాటిస్‌ది బేకరీ. అవును, రొట్టెలు కాల్చేవాడే. ఆ రొట్టె నువ్వు తింటే నీ ఇంగ్లీషు కూడా బాగుపడుతుంది.

ఆటని మించి చూడాల్సింది మా అభిమానుల్ని. రెండొందల మంది బల్లల మీద నిలబడి డోలు కొడతారు. అవతలి జట్టుని పల్లెత్తు మాట అనరు, ముష్టివాణ్ణి చూసినట్టు చూసి ఊరుకుంటారు. తిట్లన్నీ సొంత ఆటగాళ్ళకే. సర్వీసు నెట్‌కి తగిలిందా, వాడి ఊరు, వాడి తాత, వాడి తాత ఎక్కిన పడవ, ఒక్కటీ వదలరు. నల్లబట్టల డెస్పీనా ముసలమ్మ అయితే ఇక చెప్పక్కర్లేదు. ఆవిడ నోరు తెరిస్తే ఆటగాడు చెవులు మూసుకుని ఇంకో అడుగు ఎత్తు ఎగురుతాడు. 'తిట్టామంటే వాడు మావాడు' అంటుంది. మన సంఘాల్లో ఉంటుందా ఇలాంటి నిజాయితీ? ఎదురుగా 'బ్రదర్, బ్రదర్' అంటారు, వెనక గోతులు తవ్వుతారు.

ఆ జట్టులో బంతి లేపేవాణ్ణి నేను. తొమ్మిదో నంబరు జెర్సీ.

అక్కకి నా ముద్దులు. నీకేమీ లేవు.

జోసఫ్


ఫ్రీమాంట్
14 నవంబరు 1982

జోసఫ్‌కి,

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. నీ గ్రీకువాళ్ళ సంగతి విని పడీపడీ నవ్వింది. పైసా ఖర్చు లేకుండా తిట్టేవాళ్ళు కావాలంటే నన్నడక్కపోయావా?

అయిదేళ్ళు గెలిచారట. ఎవరి మీద? పోస్టాఫీసు గుమాస్తాల మీదా? మన రేపల్లె జట్టు ఒక్కసారి వచ్చిందంటే నీ దళపతులు పడవెక్కి పారిపోతారు. ఇక వాళ్ళ అభిమానం సంగతంటావా, పొద్దున్నుంచి రొట్టెల పొయ్యి దగ్గర మాడిన మనిషికి సాయంత్రం ఎవరో ఒకరిమీద అరవాలి, అరుస్తాడు. దానికి అభిమానమని పేరు పెట్టి మురిసిపోయేవాడివి నువ్వొక్కడివే.

ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడుపడలేదు. వాడి తాత పడవా, వీడి ఊరూ అన్నీ రాశావు. నిన్నేమని తిడతారో ఒక్క ముక్క రాయలేదు. అంత గొప్ప తిట్లయితే ముందు నీకు తగిలినవే కదా రాస్తావు? నీ సంగతి నాకు తెలియదా? చిన్నప్పుడు పరీక్ష తప్పినా ఇంతే, క్లాసులో అందరి మార్కులూ చెప్పి నీవి మింగేసేవాడివి.

ప్రేమానందం


ఆస్టోరియా
6 మార్చి 1983

బావా,

ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడానికి పని ఒత్తిడి కారణం కాదు. నువ్వు సరిగ్గా పుండు మీదే వేలు పెట్టావు.

నన్నెవరూ తిట్టలేదు. రెండేళ్ళుగా నేను బెంచీ మీదే కూర్చుంటున్నాను. బంతి లేపేవాడు టాకిస్ అనే ఇరవై నాలుగేళ్ళవాడు. నేను వాడికి బదులు మనిషిని, వాడికేమో ఎప్పుడూ జలుబైనా చేయదు. ప్రాక్టీసులో ఆడతాను, మ్యాచ్‌లో తువాళ్ళు అందిస్తాను. ఆట అయ్యాక డెస్పీనా ముసలమ్మ అందర్నీ ఉతికి ఆరేసి, నా దగ్గరికి వచ్చేసరికి 'బ్రావో మిస్టర్ జోసఫ్' అంటుంది, పెళ్ళివారింటికి వచ్చిన తహసీల్దారుని పలకరించినట్టు. ఆ మర్యాద నాకు చెప్పుదెబ్బ బావా. నవ్వుకో.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వారం టాకిస్ వేలు విరిగింది. లీగు ఫైనల్లో నేనే ఆడాలి! ఎగిరి గంతేశాను. తర్వాత తేదీ చెప్పారు. ఏప్రిల్ ఒకటి, శుక్రవారం. మన గుడ్ ఫ్రైడే.

క్లబ్బులో చేరేటప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే, గుడ్ ఫ్రైడే నాడు ఆడనని. స్టమాటిస్ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని, 'ఆ రోజు బంతి ముట్టేవాడు మనిషేనా!' అన్నాడు. ఇద్దరం చేతులు కలిపాం. వాళ్ళ గుడ్ ఫ్రైడే వేరని నాకేం తెలుసు? వాళ్ళ పాత లెక్క ప్రకారం ఈస్టరు ఇంకో రోజట. కొన్నేళ్ళు రెండూ ఒకటే, ఈసారి వాళ్ళది ఐదు వారాలు వెనక. నిరుడు మన ఈస్టరు అయిన తర్వాతి వారం వీళ్ళు ప్రభువు సమాధిని మోసుకుంటూ వీధులు తిరగడం చూశాను. మనవాళ్ళు క్రిస్మస్‌ని కొత్త సంవత్సరం దాకా లాగినట్టు వీళ్ళు దీన్ని లాగుతున్నారనుకున్నాను.

సంగతి చెప్తే బేకరీ అంతా గొల్లుమంది. 'మీ దేవుడు ఐదు వారాలు ముందే చనిపోయాడా?' అన్నాడు మా క్లబ్బు మంగలి. ఇక్కడ మన పాస్టరు దైవాశీర్వాదం గారు ఆ రోజు ఆరాధనలో ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాలుగోదాని మీద ప్రసంగం నాకిచ్చారు. ఆరాధన మధ్యాహ్నం, ఆట సాయంత్రం. రెండూ కుదురుతాయి. కుదురుతాయంటావా?

జోసఫ్


ఫ్రీమాంట్
13 మార్చి 1983

జోసఫ్‌కి,

రెండేళ్ళు తువాళ్ళు అందించి, నాకు మాత్రం 'నేనే లేపేవాణ్ణి' అని రాశావా! అబద్ధమాడినా అతికినట్టుండాలి. నువ్వేమో తొమ్మిదో నంబరని కూడా చేర్చావు.

క్రైస్తవులందరికీ ఒకే క్యాలెండరు ఉంటుందనుకుని మాటిచ్చావు చూడు, ఆ పని బాపట్లవాడు తప్ప ఇంకెవరూ చేయరు. ఈ సంగతి నాకూ నీ ఉత్తరం వచ్చేదాకా తెలియదనుకో. అయినా నేనెవరికీ మాటివ్వలేదు కాబట్టి నిన్ను అనే హక్కు నాకుంది.

కుదురుతుందా అని నన్నడుగుతావేం? గుడ్ ఫ్రైడే పొద్దున్నే కాంపౌండులో నెట్ విప్పి, చుట్టి, చర్చి వెనక గదిలో పెట్టేవాళ్ళం. ఒకసారి నువ్వు గోడకేసి బంతి కొడితే మీ నాన్న వచ్చి బంతి తీసుకుని వెళ్ళిపోయారంతే. మధ్యాహ్నం ప్రభువు శ్రమల గురించి చెప్పి, సాయంత్రం నిక్కరేసుకుని ఎగురుతావా? ఎగురు. రొట్టెలవాడు తిడితే పులకించిపో. మంగలి చేత తిట్టించుకోవడానికి ఇంత తపించినవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

మీ అక్క మాత్రం 'వాడిష్టం, వాణ్ణి ఏమీ అనకండి' అంటోంది. నేనేమీ అనలేదు.

ప్రేమానందం


ఆస్టోరియా
19 ఏప్రిల్ 1983

బావా,

నేను ఆడలేదు.

ఆరాధన మూడింటికి అయిపోయింది. ఇంటికొచ్చి సంచీ సర్దుకున్నాను, బూట్లు కూడా వేసుకున్నాను. మెట్ల దగ్గర కాళ్ళు కదల్లేదు. నువ్వు గుర్తుచేసిన మా నాన్నే అడ్డమొచ్చాడనుకో, ఇంకేమైనా అనుకో. కరుణే వంగి బూట్ల తాళ్ళు విప్పింది.

టాకిస్ వేలికి కట్టు కట్టుకుని ఆడాడు. గెలిచారు. డెస్పీనా వాణ్ణి గంటసేపు తిట్టి, ఏడ్చి, భుజాల మీదికి ఎక్కించుకోమందట. మర్నాడు నేను బేకరీకి వెళ్ళాను, తిడితే తిట్టనీ అని సిద్ధపడే వెళ్ళాను. స్టమాటిస్ నన్ను చూసి లేచి నిలబడి, 'మిస్టర్ జోసఫ్, వీలు చూసుకుని జెర్సీ తిరిగిచ్చేయండి' అన్నాడు. ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చొచ్చాను. థాంక్యూ అన్నాడు. నీ దగ్గర దాపరికమెందుకు, దారంతా ఏడ్చాను.

ఇంతలో దేవుడికి నవ్వులాటగా ఉన్నట్టుంది. లీగు గెలిచిన జట్లన్నిటికీ పై పోటీ పెట్టారు, మే ఆరు, శుక్రవారం సాయంత్రం. సరిగ్గా గ్రీకువాళ్ళ గుడ్ ఫ్రైడే! పెట్టింది అమెరికన్లు, బతిమాలినా తేదీ మార్చలేదు. జట్టు రాకపోతే క్లబ్బుని రెండేళ్ళు లీగు నుంచి తీసేస్తారు. మనుషులు ఎవరైనా ఫరవాలేదు, క్లబ్బు జెర్సీ వేసుకుని ఆరుగురు నెట్ ముందు నిలబడితే చాలు.

నిన్న సాయంత్రం స్టమాటిస్, మంగలి, డెస్పీనా ముసలమ్మ మూడంతస్తుల మెట్లెక్కి మా ఇంటికొచ్చారు. స్టమాటిస్ చేతిలో ఆరు జెర్సీలు. నేలచూపులు చూస్తూ, 'మీ శుక్రవారం అయిపోయింది కదా' అన్నాడు.

నాకు ఆడాలని ఉంది. సిగ్గు లేదనుకో. కానీ ఆ రోజు వాళ్ళంతా చర్చిలో ఉంటారు, హాల్లో తిట్టడానికి పురుగు కూడా ఉండదు. ఏం చేయమంటావు?

జోసఫ్


ఫ్రీమాంట్
25 ఏప్రిల్ 1983

జోసఫ్‌కి,

ఆ ముగ్గురు మెట్ల మీదుండగానే తలుపు మూయాల్సింది. 'మీ దేవుడు ఐదు వారాలు ఆలస్యంగా చనిపోతాడా?' అని మంగలిని అడగాల్సింది. ఆ రోజు బంతి ముట్టేవాడు మనిషేనా అన్నాడే ఆ రొట్టెలవాడు, ఆ మాట వాడికే అప్పజెప్పాల్సింది. తమ శుక్రవారమైతే భక్తి, నీ శుక్రవారమైతే ఎకసెక్కం. వాళ్ళ క్లబ్బు మునిగిపోతే నీకేం? దళపతి కదా, ఈదుకుంటాడు.

నువ్వు కాఫీ ఇచ్చుంటావు. నాకు తెలుసు. కేకు కూడా పెట్టుంటావు.

సరే, ఆరుగురెవరు? నీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఆ సాంబారు మూకలోంచి పట్టుకొస్తావా? బ్యాంకులో పనిచేసే రాధాకృష్ణ కాలేజీలో ఆడాడని విన్నాను. మిగతావాళ్ళు నెట్‌కి ఇటువైపు నిలబడాలా, అటువైపు నిలబడాలా అని అడిగే రకం. పోనీ నువ్వు బంతి లేపావే అనుకో, కొట్టేదెవరు? గాల్లోకి లేపి దణ్ణం పెడతావా?

ఆరో తారీఖు మధ్యాహ్నం దిగుతాను. టికెట్ కొనేశాను. నీ కోసమని సంబరపడకు, కరుణ చేతి చేపల పులుసు తిని చాలా రోజులైంది. నా మోకాలికి పట్టీ కొనిపెట్టు. పెద్ద సైజు జెర్సీ ఉంచు.

ప్రేమానందం


ఆస్టోరియా
16 మే 1983

బావా,

నువ్వు శనివారం పొద్దున్నే విమానం ఎక్కేశావు. అసలు ఆట సోమవారం జరిగింది.

ముందు శుక్రవారం సంగతి. సాంబారు మూకలోంచి పట్టుకొచ్చిన ఆ నలుగుర్నీ నేనేమీ అనను. మొదటి రెండు ఆటల్లో కలిపి మనకి ఐదు పాయింట్లు వచ్చాయంటే అందులో నా తప్పెంతో నీ తప్పూ అంతే. నేను బంతి తాంబూలంలా అందించాను. మూడుసార్లు నువ్వు దాన్ని గోడకేసి కొట్టావు. ఆ పెన్సిల్వేనియా కాలేజీ పిల్లలు మనల్ని 'సర్' అని పిలవడం ఇంకా నా చెవుల్లో ఉంది. అయినా మూడో ఆటలో పదకొండు దాకా వెళ్ళాం. ఒక బంతి, నువ్వు ఎడమవైపు నుంచి వచ్చి కొట్టినది, బాపట్లలో కొట్టినట్టే కొట్టావు. నీకు చెబితే నెత్తికెక్కుతుందని ఆ రోజు చెప్పలేదు. ఖాళీ హాల్లో ఆ చప్పుడుకి మెచ్చుకునే దిక్కు లేదు, తిట్టే దిక్కూ లేదు. గుండె చివుక్కుమంది.

వాళ్ళ ఈస్టరు అయిన మర్నాడు రొట్టె కొనడానికి బేకరీకి వెళ్ళాను. ఓడినా క్లబ్బు నిలబడింది కదా, మళ్ళీ ఓ 'బ్రావో మిస్టర్ జోసఫ్' పారేస్తారనుకున్నాను. హాలు తుడిచే ఐరిష్ ముసలాయన వాళ్ళకి ఆటంతా పూసగుచ్చినట్టు చెప్పాడట. నేను గుమ్మంలో అడుగుపెట్టానో లేదో డెస్పీనా కర్ర నేలకేసి కొట్టింది.

'యోసిఫ్! చేతులా అవి, చచ్చిన ఆక్టోపస్సా? పిల్లకాయల చేతుల్లో ఐదు పాయింట్లా? నవార్కోస్ పేరు సముద్రంలో కలిపావు కదరా! నీకు బంతి లేపడం నేర్పినవాడి పడవకి చిల్లుపడ!'

నేర్పినవాడు మా స్కూలు డ్రిల్లు మాస్టారు, ఆయన జన్మలో పడవెక్కలేదు. తర్వాత మంగలి అందుకున్నాడు. నా ఊరు ఏదో కనుక్కుని మరీ తిట్టాడు. బాపట్లని ఆ నోటితో వినాలి బావా! స్టమాటిస్ అయితే పిండి చేతులతోనే బల్ల దాటొచ్చి, నా గెడ్డం పట్టుకుని, రెండో ఆటలో నేనెక్కడ నిలబడాలో, ఎక్కడ నిలబడ్డానో చెబుతూ అరిచాడు. వాడు చర్చిలో ఉండి చూడని ఆట అది! 'నువ్వొచ్చి ఆడకపోయావా, రొట్టెలోడా!' అని నేనూ తెలుగులో అరిచాను. తలాడించి ఇంకా గట్టిగా అరిచాడు. జనం వీధిలోంచి తొంగిచూశారు. అరగంట.

రొట్టె మర్చిపోయి ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాను. కరుణ 'ఏమైంది, ఎవరైనా పోయారా?' అని నా నుదురు పట్టుకు చూసింది. నన్ను తిట్టారే అని చెప్పి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఇంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు. ఆ మాట కరుణతో అనకు.

నిన్ను కూడా అడిగారు. డెస్పీనా ఉన్నట్టుండి గొంతు తగ్గించి, 'మీ బావగారు పాపం అంత దూరం నుంచి శ్రమపడి వచ్చారు, మా థాంక్స్ చెప్పు' అంది. స్టమాటిస్ నీకు బాదం బిస్కెట్ల పెట్టె ఇచ్చాడు. విడిగా పంపుతున్నాను.

జోసఫ్


ఫ్రీమాంట్
24 మే 1983

జోసఫ్‌కి,

పెట్టె అందింది. మీ అక్క మూత తీయబోతే వద్దన్నాను. నీ పేర తిరిగి పంపిస్తున్నాను, తీసుకెళ్ళి ఆ బేకరీ బల్ల మీద పెట్టు.

థాంక్సా? నాకా? శ్రమపడి వచ్చారా? మూడు వేల మైళ్ళు వచ్చింది నేను. మోకాలు వాచి ఇప్పటికీ మెట్లు ఎక్కలేకపోతున్నది నేను. గోడకేసి మూడు బంతులు కొట్టింది కూడా నేనే, వాటిల్లో ఒకటి నువ్వు ఇచ్చిన అద్భుతమైన బంతి. ఆ ఐరిష్ ముసలాడు ఇవన్నీ చెప్పలేదా? చెబితే మరి ఆవిడ నోరు ఏమైంది? నీకు అరగంట తిట్లు, నాకు బాదం బిస్కెట్లా?

రాత్రి అన్నం ముందు పెట్టుకుని ఇదే అరిచాను. మీ అక్క నవ్వలేదు. 'వెళ్ళి అడగండి' అంది.

సెప్టెంబరులో ప్రాక్టీసు ఏ వారం మొదలవుతుందో కనుక్కుని రాయి. సెలవు పెడతాను. ఆ ముసలమ్మ ఎదురుగా నిలబడి ఆడతాను. ఆ జెర్సీ వేసుకుని ఓడినవాణ్ణి, నన్ను చుట్టాన్ని చేసి పంపడానికి వాళ్ళెవరు?

ప్రేమానందం